పాలవాడు వచ్చాడు, విమానం రాలేదు

భోగికి ముందురోజు పొద్దున్న ఆరుంబావు. ఢిల్లీ విమానాశ్రయంలో గాజుగోడ పక్కన కూర్చుని ఉన్నాను. గాజు అవతల మేమెక్కాల్సిన విమానం ఉండాలి. ఉందనడానికి ఆనవాలు రెక్క చివర వెలుగుతున్న ఎర్రదీపం ఒక్కటే. మిగతాదంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఆరూ నలభైకి బయల్దేరాల్సిన గన్నవరం విమానం అది. ఇంతలో ఫోన్ మోగింది. తెనాలి నుంచి అమ్మ.

“ఏరా, ఎక్కావా?”

“ఇంకా లేదమ్మా. మంచు పట్టేసింది.”

“మంచా? ఇక్కడా మంచే. ఎదురింటివాళ్ల అరుగు కూడా కనపట్టం లేదు. అయినా పాలవాడు వచ్చి పోసి వెళ్లాడుగా!”

నాకు నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. పాలవాడు రాగలిగిన మంచులో విమానం ఎందుకు రాలేదు? ఆ తర్వాత నాలుగు గంటలు అదే కుర్చీలో ఉన్నాను కనుక ఆలోచించడానికి కావలసినంత తీరిక దొరికింది.

ముందు పాలవాడి లెక్క. మంచులో అతని బండి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుందాం. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ముందు 50 మీటర్లు కనిపిస్తే చాలు, గేదె అడ్డొచ్చినా బ్రేకు వేయడానికి తొమ్మిది సెకన్లు చేతిలో ఉంటాయి. నేలను తాకే వేళకు విమానం వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు, అంటే సెకనుకు 70 మీటర్లు. అదే 50 మీటర్ల చూపు పైలట్‌కు ముప్పాతిక సెకను కూడా ఇవ్వదు. కన్ను చూసి, బుర్ర గ్రహించి, చెయ్యి కదిలేలోపే ఆ 50 మీటర్లూ వెనకపడిపోతాయి. పైగా పాలవాడు అనుమానం వస్తే కాలు కింద పెట్టి ఆగుతాడు. గాల్లో ఉన్నవాడికి ఆ వీలు లేదు.

మనకు అన్నీ మంచే. గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, కశ్మీరంలో కురిసేదీ మంచే, రోడ్డును మింగేసేదీ మంచే. వాతావరణ శాఖవాళ్లకు అలా కుదరదు. చూపు కిలోమీటరు లోపుకు పడిపోతేనే వాళ్లు దాన్ని పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది. విమానాన్ని ఆపే మంచులు రెండు రకాలు. ఒకటి చూపును తీసేస్తుంది, రెండోది రెక్కను చెడగొడుతుంది. ఢిల్లీలో మనకు తగిలేది మొదటిది.

ఈ పొగమంచు ఎక్కడినుంచో కొట్టుకొచ్చేది కాదు, చాలావరకు ఉన్నచోటే పుడుతుంది. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి పశ్చిమ కల్లోలాలని పిలిచే గాలి వ్యవస్థలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. అవి పంజాబు, హర్యానా, ఢిల్లీల మీద నాలుగు చినుకులు రాల్చి పోతాయి. నేల తడుస్తుంది. గోధుమ చేలకు పెట్టే నీటి తడి ఎలాగూ ఉంది. కల్లోలం దాటిపోగానే ఆకాశం తేటపడుతుంది, గాలి ఆగిపోతుంది. డిసెంబరు చివర ఢిల్లీలో రాత్రి పదమూడున్నర గంటలకు పైనే. మబ్బు దుప్పటి లేని ఆ పొడుగాటి రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ ఉంటుంది. నేల చల్లబడితే దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. గాలి ఎంత చల్లబడితే అంత తక్కువ ఆవిరిని మోయగలదు. మోయలేనిది నీటి చుక్కలై గాల్లోనే వేలాడుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరగాలి. ఆ రాత్రి మాత్రం కింద చలి, పైన వెచ్చన. వెచ్చని గాలి మూకుడులా పైన బోర్లాపడటంతో కిందిది కదలక అక్కడే మగ్గుతుంది.

ఇంత చేసే పొగమంచులో ఉన్న నీరెంతో తెలుసా? ఘనపు మీటరుకు అర గ్రాము కూడా ఉండదు, చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. ఓ చిన్న పడకగది నిండా పట్టే పొగమంచును పిండితే ఒక టీ చెంచా నీళ్లు వస్తాయేమో. ఆ చెంచాడు నీళ్లు కొద్దిపాటి పెద్ద చినుకులుగా ఉంటే వాటి మధ్యనుంచి అవతలి గోడ చక్కగా కనిపిస్తుంది. అవే నీళ్లు వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో ఉండే కోటానుకోట్ల చుక్కలుగా విడిపోతే, ప్రతి చుక్కా వెలుగును దారి మళ్లించేస్తుంది. చుక్క కట్టడానికి ఆవిరికి ఓ ధూళికణం ఆసరా కావాలి. ఢిల్లీ గాలిలో ఆ ఆసరాలకు కరువు లేదు. ధూళీ పొగా ఎంత ఎక్కువైతే ఉన్న నీరు అన్ని ఎక్కువ చుక్కలుగా విడిపోతుంది. చుక్కలు అంత చిన్నవవుతాయి, అంత నెమ్మదిగా కిందికి దిగుతాయి. నీరు పెరగకుండానే చూపు తగ్గుతుంది. తెనాలి మంచుకూ ఢిల్లీ మంచుకూ తేడా చాలావరకు ఇక్కడే ఉంది.

ఏడు దాటింది, తెల్లారింది. తగ్గుతుందేమోనని చూస్తే ఆ ఎర్రదీపం కూడా మాయమైంది. పొద్దు పొడిచిన కాసేపటికి పొగమంచు ఇంకా ముదరడం కొత్తేమీ కాదు. గడ్డి మీది మంచుబిందువులు ఆవిరై అదే చల్లగాలిలో మళ్లీ కలుస్తాయి. పైనుంచి పడే ఎండలో చాలాభాగాన్ని ఆ తెల్లదనం వెనక్కి తిప్పికొడుతుంది. ఎలాగోలా నేలకు చేరిన కొద్దిపాటి ఎండ నేలను వేడిచేయాలి, ఆ వేడికి అడుగునుంచి చుక్కలు ఆవిరవ్వాలి. అన్నం కిందినుంచి ఉడికినట్టే మంచూ కిందినుంచి కరుగుతుంది. అందుకు పది, పదకొండు అవుతుంది. కొన్ని రోజుల్లో మధ్యాహ్నం కూడా అవుతుంది.

ఇంతకీ ఎంత కనిపిస్తోందో ఎవరు చెబుతారు? పూర్వం ఒక మనిషి నిలబడి దీపాలు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు రన్‌వే పక్కన స్తంభాల జతలుంటాయి. ఒక స్తంభం వెలుగు పంపుతుంది, రెండోది తనదాకా వచ్చిందెంతో కొలుస్తుంది. మధ్యలో మంచు ఎంత తినేసిందో తెలిస్తే పైలట్‌కు రన్‌వే దీపాలు ఎంత దూరందాకా కనిపిస్తాయో లెక్క తేలుతుంది. మన దేశంలో చాలా చోట్ల ఉన్న ఆ పరికరం పేరు ‘దృష్టి’. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల తయారుచేసింది. విమానం దిగే చోట, మధ్యలో, చివర వేర్వేరుగా కొలుస్తారు, ఎందుకంటే మంచు రన్‌వే పొడవునా ఒకేలా పరుచుకోదు.

చూపు లేకుండా దింపే విద్య పాతదే. రన్‌వే దగ్గరినుంచి రెండు రేడియో కిరణాలు పంపుతారు. ఒకటి ఎడమా కుడీ చెబుతుంది, రెండోది ఎత్తు చెబుతుంది. మూడు డిగ్రీల వాలులో ఆ రెండూ కలిసేచోట కనిపించని జారుడుబల్ల ఒకటి ఏర్పడుతుంది. ఆటోపైలట్ దాన్ని పట్టుకుని జారుతుంది. లండన్ మంచుతో వేగిపోయిన బ్రిటిష్ ఇంజనీర్లు దీన్ని ముందుకు తీసుకెళ్లారు. 1965 జూన్ 10న ప్యారిస్ నుంచి ప్రయాణికులతో వచ్చిన ట్రైడెంట్ విమానం ఆటోపైలట్ సాయంతో హీత్రూలో దిగింది. ఈ విద్యలో మెట్లున్నాయి. మామూలు మెట్టు మీద 200 అడుగుల ఎత్తులో రన్‌వే దీపాలు కనిపించాలి, చూపు 550 మీటర్లుండాలి. రెండో మెట్టుకు 100 అడుగులు, 300 మీటర్లు. క్యాట్ 3బి అనే పైమెట్టుకు 50 మీటర్ల చూపు చాలు. నేల తాకి, వేగం తగ్గి, మధ్యగీత మీద పరుగెత్తేదాకా అంతా యంత్రమే చూసుకుంటుంది. ఢిల్లీకి ఆ పైమెట్టు ఉంది.

మరి ఉంటే మేమెందుకు కూర్చున్నట్టు? ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. ఢిల్లీలో దిగడానికి 50 మీటర్లు చాలు, ఎగరడానికి మాత్రం 125 కావాలి. దిగేది తేలికా, ఎగిరేది కష్టమా? కాదు. దింపేది యంత్రం, ఎగరేసేది మనిషి. పరుగు మొదలయ్యాక రన్‌వే మధ్యగీత మీదే ఉన్నామని పైలట్‌కు చెప్పేవి ఎదురుగా వరసగా వెలిగే దీపాలు. 15 మీటర్లకొకటి ఉంటాయి. 125 మీటర్లంటే ఎనిమిది దీపాలు. ఇంజను ఒకటి మధ్యలో ఆగిపోతే విమానం ఒక పక్కకు లాగేస్తుంది. ఆ ఎనిమిది దీపాల వరస చూసే పైలట్ దాన్ని నిలబెట్టాలి. రన్‌వే చివరికొచ్చేసరికి ఆ దీపాలు తెలుపూ ఎరుపూగా, ఆఖరి 300 మీటర్లలో అచ్చంగా ఎరుపుగా మారతాయి. ఇంకెంత నేల మిగిలిందో అలా తెలుస్తుంది. నాలుగు గంటలసేపు నన్ను ఆపింది ఆ ఎనిమిది దీపాలే.

పైమెట్టు ఉన్నా అందరికీ అందదు. రన్‌వేకు ఉండాలి, విమానానికి ఉండాలి, ఇద్దరు పైలట్లకూ ఆ శిక్షణ ఉండాలి. ఒక్కటి తక్కువైనా కింది మెట్ల లెక్కే వర్తిస్తుంది. ఇంకోటి, రన్‌వే మీద నిలబడ్డ విమానపు లోహపు ఒళ్లు ఆ రేడియో కిరణాన్ని వంకర తిప్పగలదు. మంచు రోజున ముందు దిగినది పూర్తిగా పక్కకు తప్పుకుని దూరం జరిగేదాకా వెనకదాన్ని రానివ్వరు. మామూలు రోజున నిమిషం, రెండు నిమిషాల ఎడంతో దిగేవి అప్పుడు బాగా ఎడంగా దిగుతాయి. రోజుకు వెయ్యికి పైగా విమానాలు వచ్చిపోయే చోట ఈ ఎడమే కొండంత ఆలస్యమవుతుంది. మంచు విడిపోయాక కూడా వరస కరగదు.

“మరో అరగంట” అని నాలుగుసార్లు చెప్పారు. నేనెక్కిన సంస్థ పేరు ఎందుకులెండి, అన్నీ అలాగే చెబుతాయి. మొదట్లో ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, విమానాశ్రయ వాతావరణ నివేదిక వచ్చేదే అరగంటకోసారి. వాళ్ల ఆశ కూడా అంతే. లోపలికి ఎక్కించి కూర్చోబెట్టడం వెనకా ఒక లెక్కుంది. చూపు 125కు చేరగానే తలుపులు మూసుకుని సిద్ధంగా ఉన్నవాళ్లకే వరసలో చోటు దొరుకుతుంది. క్షమించమని చెప్పను గానీ, కారణం అది. పైలట్ల పని గంటలకు చట్టం పెట్టిన హద్దు కూడా ఈలోగా కరిగిపోతుంటుంది. అది దాటితే మంచు పోయినా విమానం కదలదు, కొత్త పైలట్లు రావాలి.

2024లో భోగి నాడే, జనవరి 14న, ఢిల్లీ పాలం దగ్గర తెల్లవారుజామున చూపు సున్నాకు పడిపోయింది. వందకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. మర్నాడే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకు ఒక వెసులుబాటిచ్చింది: మూడు గంటలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ముందే రద్దు చేసేయొచ్చు. ప్రయాణికుడికి చేదుగా ఉన్నా, ఇంట్లో ఉండగానే తెలియడం మేలు. వాతావరణం వల్ల కలిగే ఆలస్యానికి నష్టపరిహారం రాదు. కానీ రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే తిండీ నీళ్లూ ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బో, ఏది కావాలో ఎంచుకునే హక్కు మనది. అడగాలి. అడగనివాళ్లకు ఎవరూ తెచ్చివ్వరు.

ఇక మన వైపు సంగతి. కృష్ణా డెల్టాలో కాలువలు, మాగాణి తడి, తేట ఆకాశం, అన్నీ ఉన్నాయి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో గన్నవరంలో విమానాలు దిగలేక పైన చక్కర్లు కొట్టడం, హైదరాబాదుకు తిరిగిపోవడం ఏటా చూస్తున్నదే. దేశంలో క్యాట్ 3బి ఉన్నవి ఢిల్లీ, అమృత్‌సర్, జైపూర్, లక్నో, కోల్‌కతా, బెంగళూరు వంటి కొద్ది ఊళ్లే. గన్నవరం ఆ జాబితాలో లేదు. కనుక 300 మీటర్ల మంచు ఢిల్లీలో లెక్కే కాదు, మన దగ్గర మాత్రం విమానాన్ని వెనక్కి పంపేస్తుంది. మన మంచు ఎక్కువసేపు నిలవదు కాబట్టి సరిపోయింది. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా విడిపోతుంది. ఏడాదికి కొన్ని పొద్దుల కోసం అంత ఖర్చు పెట్టాలా అంటే, పెట్టనక్కర్లేదనే నా ఉద్దేశం. పొద్దున్న విమానాన్ని గంట వెనక్కి జరిపితే సగం గొడవ తీరుతుంది.

రెండో మంచు గురించి మా మేనల్లుడు చెప్పాడు. వాడు షికాగోలో చదువుతున్నాడు. కిందటి డిసెంబరులో ఇంటికి బయల్దేరుతూ విమానం కిటికీలోంచి ఓ వీడియో పంపాడు. పొడుగాటి క్రేను మీదినుంచి ఒకతను రెక్క మీద ఆవిర్లు కక్కుతున్న నారింజరంగు నీళ్లు కొడుతున్నాడు. కింద వాడి మాట: “మావయ్యా, విమానానికి తలంటు పోస్తున్నారు!”

అంతకంటే బాగా నేను చెప్పలేను. చలి విమానానికి శత్రువు కాదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, రెక్కకు ఎక్కువ ఊతమిస్తుంది, ఇంజనుకూ మంచిదే. శత్రువు రెక్క మీద పేరుకున్న మంచు. అది గరుకు కాగితమంత మందం, గరుకుదనం ఉన్నా చాలు, రెక్క పైకెత్తే శక్తిని 30 శాతం దాకా తగ్గించి, గాలి లాగుడును 40 శాతం దాకా పెంచగలదు. బరువు కాదు సమస్య. రెక్క మీద నున్నగా జారాల్సిన గాలి ఆ గరుకుకు చెదిరిపోతుంది. అందుకే ముందు నారింజరంగు వేడి గ్లైకాల్ నీళ్లతో ఉన్న మంచునంతా కడిగేస్తారు. అది కుంకుడు రసం. తర్వాత కొత్త మంచు అంటకుండా పచ్చరంగు చిక్కటి ద్రవం పూస్తారు. అది నూనె. రెక్కను అంటిపెట్టుకుని ఉండి, విమానం పరుగందుకోగానే గాలి ఒత్తిడికి జారిపోతుంది. ఆ పూత ఎంతసేపు కాపాడుతుందనేది చలిని బట్టి, కురిసే మంచు తీరును బట్టి కొన్ని నిమిషాల నుంచి గంట పైదాకా ఉంటుంది. వరసలో నిలబడి గడువు దాటిపోతే మళ్లీ వెనక్కి, మళ్లీ తలంటు.

ఈ గడువును తేలిగ్గా తీసుకున్నందుకు చెల్లించిన మూల్యం పెద్దది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం మంచు కడిగించుకున్నాక కూడా ముప్పావు గంటకు పైగా మంచువానలో నిలబడి, ఆ తర్వాత ఎగిరింది. ఇంజన్లకు మంచు పట్టకుండా చేసే వ్యవస్థను పైలట్లు వేయలేదు. గొట్టంలో మంచు అడ్డుపడి ఇంజను శక్తి చూపే ముల్లు లేని బలాన్ని చూపింది. విమానం వంతెనను కొట్టి పొటోమాక్ నదిలో పడింది. లోపలి 79 మందిలో 74 మంది, వంతెన మీద నలుగురు చనిపోయారు. మన మేనల్లుళ్లు ఈరోజు రెండోసారి తలంటుకు వెనక్కి వెళుతూ విసుక్కుంటున్నారంటే, ఆ విసుగు అలాంటి ప్రమాదాల తర్వాత గట్టిపడ్డ నియమాల వల్లే.

అమెరికాలో మంచు ఆగాకే అసలు ముప్పు మొదలైన సందర్భమూ ఉంది. 2022 క్రిస్మస్ తుపానులో మిగతా సంస్థలు రెండు మూడు రోజుల్లో కోలుకుంటే, సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. ఏ పైలట్ ఏ ఊళ్లో చిక్కుకున్నాడో లెక్క తేల్చలేక వాళ్ల కంప్యూటర్లు చేతులెత్తేశాయి. మరుసటేడు ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నా విమానం పదకొండూ ఐదుకు లేచింది. నిమిషంలోపే కిటికీలోంచి ఎండ కొట్టింది. కింద పాలగిన్నె మీది మీగడలా తెల్లగా పరుచుకుని ఉంది, అంతా కలిపి రెండు మూడు వందల మీటర్ల మందం ఉంటుందేమో. ఇల్లు చేరేసరికి మూడైంది. పాలవాడు పోసిన పొద్దున్న పాలను అమ్మ తోడుపెట్టేసింది.

ఢిల్లీ మంచును ముందే పసిగట్టడం ఇప్పుడు బాగానే సాధ్యమవుతోంది. 2015 చలికాలం నుంచి ఆ విమానాశ్రయంలోనే పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ, వాతావరణ శాఖ కలిసి పొగమంచు మీద వైఫెక్స్ అనే అధ్యయనం నడుపుతున్నాయి. ముందురోజు సాయంత్రం హెచ్చరిక వస్తే నమ్మండి. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజాము టికెట్ చౌకగా దొరికిందని సంబరపడకండి. మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్యది తీసుకోండి. సాయంత్రం విమానం మంచుకు చిక్కడం తక్కువే గానీ పొద్దుటి ఆలస్యాలన్నీ మోసుకొస్తుంది. మధ్యలో విమానం మారాల్సి ఉంటే రెండింటికీ కలిపి ఒకే టికెట్ కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే దారి చూపాల్సిన బాధ్యత అప్పుడు వాళ్లది.

ఇక విమానాశ్రయాల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక మనవి. 2018లో భోగి తెల్లవారుజామున చెన్నైలో మంటల పొగ మంచుతో కలిసి విమానాలను వేరే ఊళ్లకు మళ్లించాల్సి వచ్చింది. గన్నవరమైనా, మధురపూడి అయినా, శంషాబాదైనా లెక్క ఒకటే, ఆ పొగలో ప్రతి కణం ఒక మంచుచుక్కకు ఆసరా. భోగి మంటలో పాత కర్రలు వేయండి, పిడకలు వేయండి. టైర్లూ ప్లాస్టిక్కూ మాత్రం వేయకండి, ఆ వేళకు పైన ఎవరో ఒకరి పిల్లలు దిగడానికి తిరుగుతూ ఉంటారు.